ఒకే యూనిట్, ఒకే పేలుడు, ఒకరికే పీటీఎస్‌డీ ఎందుకొచ్చింది?

మీరు అడిగినవి మూడు ఉన్నాయి. మీ అన్నయ్య, ఆయన ఫ్రెండ్ ఇద్దరిదీ ఒకే యూనిట్, ఒకే కాన్వాయ్, ఇద్దరూ ఆ పేలుడులోనే ఉన్నారు, ఫ్రెండ్ ఉద్యోగం చూసుకుని మామూలుగా ఉన్నాడు, అన్నయ్యకి మాత్రం నిద్ర లేదు, తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాడు, ఎందుకిలా అని ఒకటి. ఇంటికొచ్చాక ఏడాది పాటు బాగానే ఉన్నాడు కదా మరి ఇప్పుడెలా మొదలైంది, ఇది నిజంగా, భయంకరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక జబ్బు అయిన పీటీఎస్‌డీనేనా అని ఇంకోటి. తమ్ముడు కూడా సైన్యంలో చేరతానంటున్నాడు, ఇది రక్తంలో ఉంటే వాడికీ వస్తుందా అని మూడోది. వీటి మధ్యలో మీ నాన్నగారు "వాడి మనసు మొదట్నుంచీ గట్టిది కాదు" అన్నారని ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. నేను ముందు దాని గురించే చెప్తానండి, ఎందుకంటే ఆ మాట కరెక్ట్ కాదు అన్నది ఒక సంగతైతే, ఇంట్లో ఆ మాట వినిపించడమే అన్నయ్య కోలుకోవడానికి అడ్డుపడే వాటిలో ఒకటి అన్నది రెండో సంగతి.

నేను మాజీ సైనికులకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కౌన్సిలింగ్ చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా. మీ అన్నయ్యని నేను చూడలేదు కాబట్టి ఆయనకి ఇదే జబ్బు అని ఇక్కడ కూర్చుని తేల్చను, ఆ పని సైకియాట్రిస్ట్‌ది. కానీ ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఎందుకు అన్నదాని మీద 1980లో అమెరికన్ సైకియాట్రీ వాళ్ళు మానసిక జబ్బుల్ని వర్గీకరించే తమ డీఎస్‌ఎం పుస్తకంలో ఈ జబ్బుకి ఈ పేరు పెట్టినప్పటి నుంచీ చాలా పరిశోధన జరిగింది, అందులో చాలా స్టడీలు సైనికుల మీద జరిగాయి, అది మీకు పనికొస్తుంది.

మనసు గట్టిదా మెత్తదా అన్న ప్రశ్నకి నాకు తెలిసి అన్నిటికంటే మంచి జవాబు కవల పిల్లల స్టడీ. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన కవలల వివరాలతో ఒక పెద్ద రిజిస్ట్రీ ఉంది. అందులోంచి ఒకేలా ఉండే కవలల్ని, అంటే జీన్స్ అన్నీ ఒకటే, పెరిగిన ఇల్లు ఒకటే, అలాంటి జంటల్ని తీసుకున్నారు, ఒకడు ఆగ్నేయాసియాకి యుద్ధానికి వెళ్ళాడు, రెండోవాడు సైన్యంలోనే ఉన్నాడు కానీ అక్కడికి వెళ్ళలేదు. 1990లో వచ్చిన ఫలితాల్లో వెళ్ళినవాళ్ళలో దాదాపు 17 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, వెళ్ళనివాళ్ళలో 5 శాతం మందికే. తీవ్రమైన పోరాటం చూసినవాళ్ళని వాళ్ళ కవల సోదరులతో పోలిస్తే తేడా తొమ్మిది రెట్లు. పుట్టుక ఒకటే, పెంపకం ఒకటే అయినా ఇంత తేడా వచ్చిందంటే ఆ తేడా తెచ్చింది యుద్ధం కాక ఇంకేంటి చెప్పండి. మీ నాన్నగారికి ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పండి.

యుద్ధానికి వెళ్ళడం అన్నది కూడా ఒకటే ముద్ద కాదు, దాంట్లో తేడాలున్నాయి. అమెరికాలో 2001లో మొదలైన మిలీనియం కోహార్ట్ అనే పెద్ద స్టడీలో ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్ళొచ్చినవాళ్ళని చూశారు. వెళ్ళి పోరాటం చూసినవాళ్ళలో కొత్తగా పీటీఎస్‌డీ లక్షణాలు వచ్చినవాళ్ళు 8 శాతం అటూ ఇటూగా ఉంటే, వెళ్ళి కూడా పోరాటం ఎదురవ్వనివాళ్ళలో 2 శాతం చుట్టుపక్కలే ఉన్నారు, అంటే అసలు వెళ్ళనివాళ్ళ కంటే కూడా కాస్త తక్కువే. బ్రిటన్‌లో కూడా ఇదే కనిపించింది, 2018లో వచ్చిన వాళ్ళ స్టడీలో మొత్తం మీద 6 శాతం ఉంటే, పోరాట బాధ్యతల్లో పనిచేసి సర్వీసు వదిలేసినవాళ్ళలో మాత్రం 17 శాతం దాకా ఉంది. కాబట్టి "అందరూ వెళ్ళొచ్చారు కదా" అనడంలో అర్థం లేదు, ఎవరు ఎక్కడ ఏం చూశారు, ఎన్నాళ్ళు చూశారు అన్నది అడగాలి. ఎన్నాళ్ళు అన్నదాని మీద కూడా బ్రిటిష్ వాళ్ళు 2007లో చూశారు, మూడేళ్ళలో 13 నెలలు, అంతకంటే ఎక్కువ డిప్లాయ్‌మెంట్‌లో గడిపినవాళ్ళకి రిస్క్ పెరిగింది, పైగా ఇన్ని నెలలే అని చెప్పి పంపించి తర్వాత పొడిగించిన చోట కూడా ఇబ్బందులు ఎక్కువయ్యాయి. ఇంటికెళ్ళే తేదీని పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషికి ఆ తేదీ జరిపేస్తే ఎలా ఉంటుందో ఆ ఎదురుచూపులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తా. ఇద్దరూ ఒకే పేలుడులో ఉన్నారు, నిజమే. కానీ ఇద్దరికీ జరిగింది ఒకటి కాదు. ఎవరు ఏ బండిలో ఉన్నారు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు స్పృహ తప్పారు, ఎవరు పక్కవాడి శరీరాన్ని చేతులతో ఎత్తి బయటికి తీశారు, ఎవరు ఆ రూట్ ఖాయం చేశారు, ఎవరు ఆ రోజు ఇంకొకరి బదులు సీటు మారారు. బయటనుంచి చూసేవాళ్ళకి ఇవన్నీ కలిపి ఒకటే సంఘటన, లోపలున్నవాళ్ళకి ఎవరిది వాళ్ళకి వేరే. నా దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామంది పేలుడు గురించి మామూలుగానే చెప్తారు, గొంతు మారదు, ఆ తర్వాత జరిగిన పది నిమిషాల గురించి అడిగితే మాత్రం ఆగిపోతారు.

దెబ్బ తగలడం సొంతంగా ఒక రిస్క్. ఇజ్రాయెల్ సైనికుల మీద ఒక స్టడీ ఉంది, ఒకే సంఘటనలో గాయపడినవాళ్ళని గాయపడనివాళ్ళతో జత కలిపి పోల్చారు, గాయపడినవాళ్ళలో దాదాపు 17 శాతం, మిగతావాళ్ళలో 2.5 శాతం. మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే స్టడీ ఇది. తలకి దెబ్బ అయితే ఇంకా ఎక్కువ. ఇరాక్ నుంచి వచ్చిన అమెరికా సైనికుల మీద 2008లో వచ్చిన స్టడీలో, పేలుడు లాంటి వాటిలో దెబ్బ తగిలి స్పృహ తప్పినవాళ్ళలో దాదాపు 44 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్నాయి, ఏ గాయమూ లేనివాళ్ళలో 9 శాతం. మీ అన్నయ్య ఆ రోజు స్పృహ తప్పాడా, కాసేపు మతిమరుపుగా, అయోమయంగా ఉన్నాడా అన్నది మీరు రాయలేదు, ఇది తప్పకుండా కనుక్కోండి, ఎందుకంటే తలనొప్పి, చిరాకు, మర్చిపోవడం లాంటివి తల దెబ్బ వల్లా రావొచ్చు పీటీఎస్‌డీ వల్లా రావొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు, డాక్టర్‌కి చెప్పకపోతే ఒకదానికి మాత్రమే ట్రీట్‌మెంట్ జరుగుతుంది.

ఇంకొకటి, ఆ క్షణంలో మనసు ఏం చేసింది అన్నది. ఒకాయన, కాన్వాయ్ డ్రైవర్‌గా చేసినవాడు, నాతో చెప్పింది గుర్తుంది. బండి ముందు పేలింది, అద్దం పగిలింది, చుట్టూ అరుస్తున్నారు, ఆయన మాత్రం చేతిలో ఉన్న వాటర్ బాటిల్‌కి మూత పెట్టడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నాడు, మూత సరిగ్గా ఎక్కట్లేదు, తిప్పి మళ్ళీ పెడుతున్నాడు, అరుపులు ఎక్కడో దూరంగా పక్కింట్లో టీవీ లాగా వినిపిస్తున్నాయి, తన చేతులు తనవి కానట్టు ఉన్నాయి. దీన్ని డిసోసియేషన్ అంటారు. ఆయన ఏళ్ళ తరబడి దీన్ని పిరికితనం అనుకుని ఎవరికీ చెప్పలేదు, "వాళ్ళు చచ్చిపోతుంటే నేను మూత పెట్టుకుంటున్నా" అని అదే మాట నాలుగైదుసార్లు అన్నాడు. అది పిరికితనం కాదు, తట్టుకోలేనంత భయం వచ్చినప్పుడు మెదడు చేసే పని, మనం ఎంచుకునేది కాదు. కానీ 2003లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, పాత స్టడీలు 68 కలిపి చూసినప్పుడు, తర్వాత పీటీఎస్‌డీ వస్తుందా లేదా అన్నదానికి అందులో చూసిన వాటిల్లో అన్నిటికంటే గట్టి సూచనగా తేలింది ఇదే. అలాగే యుద్ధంలోనే ఒత్తిడికి కుప్పకూలి, ఇక పనిచేయలేక వెనక్కి పంపించినవాళ్ళని 1982 లెబనాన్ యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌లో గమనించారు, ఏడాది తర్వాత చూస్తే వాళ్ళలో 59 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, అదే పోరులో ఉండి అలా కుప్పకూలనివాళ్ళలో 16 శాతం. ఆ 16ని కూడా గమనించండి, అక్కడ నిలబడి పోరాడినవాళ్ళు అంతా బాగున్నారని కాదు.

కొన్ని రకాల అనుభవాలు భయం కంటే వేరే దారిలో లోపలికి వెళ్తాయి. మనిషిని చంపాల్సి రావడం, అదీ పౌరుడో పిల్లవాడో అయితే, లేదా కాపాడగలిగి కూడా ఆర్డర్ లేక కాపాడలేకపోవడం, లేదా పైవాళ్ళే మోసం చేశారు అనిపించడం. దీనికి మోరల్ ఇంజురీ అనే పేరు వాడుతున్నారు ఇప్పుడు. అందులో భయం కంటే సిగ్గు, అపరాధభావం, కోపం ఎక్కువ ఉంటాయి, "నన్ను ఎవరైనా చంపుతారేమో" అని కాదు, "నేను ఎలాంటివాణ్ణి" అని మనిషిని తినేస్తుంది. ఇలాంటివాళ్ళని ఇంట్లోవాళ్ళు "నువ్వు హీరోవి" అని పొగిడితే ఇంకా ముడుచుకుపోతారు, ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశా. ఇంకోటి, దీని గురించి బయట మాట్లాడరు కానీ చెప్పాలి, సైన్యంలో లోపలే జరిగే లైంగిక దాడి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో అందరినీ అడిగినప్పుడు ఆడవాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరు, మగవాళ్ళలో సుమారు 50 మందిలో ఒకరు సర్వీసులో ఉండగా లైంగిక వేధింపో దాడో జరిగిందని చెప్పారు. మొత్తం సైన్యంలో మగవాళ్ళే ఎక్కువ కాబట్టి సంఖ్యగా చూస్తే మగవాళ్ళూ చాలామందే ఉంటారు. శత్రువు చేసిన దానికంటే పక్క మంచం మీద పడుకునేవాడు చేసింది ఎక్కువ గాయం చేస్తుంది, ఎందుకంటే ఆ మనిషిని నమ్మే బతుకుతున్నారు అక్కడ. యుద్ధమే చూడని సైనికుడికి పీటీఎస్‌డీ ఏంటి అని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

సరే, సైన్యంలోకి వెళ్ళకముందు సంగతులు. అవి అసలు లెక్కలోకి రావు అని నేను అనను, అది అబద్ధం అవుతుంది. చిన్నప్పుడు కొట్టడం, హింస, ఇంట్లో తాగుడు గొడవలు, అంతకుముందే డిప్రెషనో ఆందోళనో ఉండటం, చదువు తక్కువ, చిన్న వయసులో యుద్ధానికి వెళ్ళడం, వీటన్నిటికీ రిస్క్‌తో సంబంధం కనిపించింది. వెళ్ళకముందే నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళకి కూడా తర్వాత వచ్చే అవకాశం ఎక్కువని ఇందాక చెప్పిన మిలీనియం స్టడీలోనే తేలింది. తమ్ముడి గురించి అడిగారు కాబట్టి జీన్స్ సంగతి: అదే వియత్నాం కవలల రిజిస్ట్రీ నుంచి 1993లో వచ్చిన లెక్క ప్రకారం మనిషికీ మనిషికీ లక్షణాల్లో ఉండే తేడాలో సుమారు మూడో వంతు జీన్స్ వల్ల అనుకోవచ్చు. మూడో వంతు తక్కువేం కాదు, కానీ అన్నయ్యకి వచ్చింది కాబట్టి తమ్ముడికీ వస్తుంది అని చెప్పేంత కూడా కాదు. 2002లో ఇంకో కవలల స్టడీ వచ్చింది, పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళ మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం చిన్నగా ఉంటుందని ముందే తెలుసు, అది జబ్బు వల్ల కుంచించుకుపోయింది అనుకునేవారు, తీరా యుద్ధానికి వెళ్ళని కవల సోదరుడి మెదడు స్కాన్ చేస్తే అతనిదీ చిన్నగానే ఉంది, కానీ అతనికి జబ్బు లేదు. అది చూసినప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, పుట్టుకతో వచ్చేది అవకాశం మాత్రమే, దాన్ని జబ్బుగా మార్చడానికి ఇంకేదో జరగాలి.

వియత్నాం వెటరన్స్ డేటాని మళ్ళీ తవ్వి 2013లో వేసిన లెక్క దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. తీవ్రమైన పోరాటం చూసినవాళ్ళలో కూడా దాదాపు 70 శాతం మందికి ఈ జబ్బు రాలేదు. కానీ తీవ్రమైన పోరాటం, యుద్ధానికి ముందే ఉన్న బలహీనతలు, పౌరులకో ఖైదీలకో హాని చేయడంలో పాలుపంచుకోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఆ అంచనా 97 శాతానికి వెళ్ళింది. 97 అంటే ఇంక గట్టి మనసు మెత్తని మనసు అన్న మాటకి చోటెక్కడుంది? ఎంత గట్టివాడైనా సరే, కావలసినంత బరువు పెడితే వంగుతాడు, ఎవరి మీద ఎంత బరువు పడింది అన్నదే తేడా. తమ్ముడు వెళ్ళాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం, నేను ఈ కారణంతో వద్దనను. వెళ్తే మాత్రం అన్నయ్య సంగతి దాచకుండా తెలుసుకుని వెళ్ళాలి, నిద్ర చెడితే తాగుడుతో సర్దుకోకుండా నోరు తెరిచి చెప్పడం ముందే అలవాటు చేసుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జరిగిపోయినవి, మీ చేతుల్లో ఉన్నవి కావు. ఇక్కడి నుంచి చెప్పేది మీరు జాగ్రత్తగా చదవండి. 2000లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, 77 స్టడీలు కలిపి 14 రిస్క్ కారణాల్ని పక్కపక్కన పెట్టి తూచారు, ఏది ఎంత బలమైందని. చిన్నప్పటి సంగతులు, కుటుంబ చరిత్ర, చదువు, ఇవన్నీ ఉన్నాయి కానీ తేలిగ్గా తూగాయి. బరువుగా తూగినవి ఆ సంఘటన ఎంత తీవ్రమైంది అన్నది, ఆ తర్వాత జీవితంలో ఇంకా ఎంత ఒత్తిడి వచ్చింది అన్నది, ఆ 14లో అన్నిటికంటే ఎక్కువగా తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ నుంచి తోడు దొరకకపోవడం. అంటే యుద్ధం నుంచి తిరిగొచ్చాక జరిగేది కూడా రిస్కే, అదీ పెద్ద రిస్క్. మీ అన్నయ్య ఫ్రెండ్‌కి ఉద్యోగం దొరికింది అన్నారు, అది చిన్న విషయం కాదు, ఆయనకి పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంది, పలకరించేవాళ్ళున్నారు. మీ అన్నయ్యకి పెన్షన్ పేపర్లు ఆగిపోయాయి, పెళ్ళి సంబంధం చెడిపోయింది అని మీరే రాశారు. ఇద్దరి మధ్య తేడా అక్కడి పేలుడులో వెతుకుతున్నారు, సగం తేడా ఇక్కడే ఉండొచ్చు.

తోడు అంటే ఏంటో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ప్రేమకి లోటుండదు, అయినా ఆ మనిషికి తోడు దొరకదు. ఒక కుటుంబం వచ్చింది నా దగ్గరికి, తల్లి, భార్య, ఆయన. తల్లి ప్రతి పూటా "ఏమైంది నాన్నా చెప్పు" అని అడుగుతుంది, ఆయన చెప్పడు, ఆవిడ ఏడుస్తుంది, ఆయన లేచి మేడ మీదకి వెళ్ళిపోతాడు, రోజూ ఇదే. భార్యకి మాత్రం అడగడం విసుగొచ్చి మానేసింది, కానీ ఆయన రాత్రి నిద్రపట్టక వరండాలో తిరుగుతుంటే వెళ్ళి పక్కన కుర్చీలో కూర్చునేది, ఏమీ మాట్లాడకుండా, బట్టలు మడతపెట్టుకుంటూ. మొదటిసారి ఆయన నోరు తెరిచింది ఆవిడ దగ్గరే, అదీ పూర్తిగా కాదు, ఒక పేరు చెప్పాడు, చనిపోయిన కుర్రాడి పేరు, అంతే. ఆవిడ "ఎలా ఉండేవాడు?" అని అడిగింది, ఎలా చనిపోయాడు అని అడగలేదు. నేను థెరపిస్ట్‌గా అంతకంటే మంచి ప్రశ్న అడగలేకపోయేవాణ్ణి. బలవంతంగా కూర్చోబెట్టి జరిగిందంతా కక్కించడం వల్ల మేలు జరగదు అని ఇప్పుడు స్పష్టంగా తెలుసు, సంఘటన జరిగిన వెంటనే అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడించే డీబ్రీఫింగ్ సెషన్లు కూడా పీటీఎస్‌డీని ఆపలేదు. ఇంట్లో చేయాల్సింది పక్కన ఉండటం, లోపల ఉన్నది బయటికి తీసే పని ట్రైనింగ్ ఉన్నవాళ్ళది.

ఏడాది తర్వాత మొదలవడం గురించి. ఇది నటన కాదు, అరుదూ కాదు. ఆరు నెలలు దాటాక పూర్తి లక్షణాలు బయటపడితే దానికి డీఎస్‌ఎంలో ఆలస్యంగా బయటపడే రకం అని విడిగా పేరే ఉంది. యుద్ధంలో గాయపడి ఆసుపత్రిలో చేరిన అమెరికా సైనికుల్ని గమనిస్తూ పోయిన స్టడీ ఒకటి 2006లో వచ్చింది, నెల తర్వాత అడిగితే 4 శాతం మందికే లక్షణాలున్నాయి, నాలుగు నెలలకి 12 శాతం, ఏడు నెలలకీ 12 శాతం. ఏడో నెలలో జబ్బు ఉన్నవాళ్ళలో దాదాపు 80 శాతం మంది మొదటి నెలలో బాగానే ఉన్నామని చెప్పినవాళ్ళే. ఎందుకంటే అక్కడ ఉన్నంతసేపూ ఆ అప్రమత్తత అవసరం, చుట్టూ తనలాంటివాళ్ళే ఉంటారు, తిరిగొచ్చిన మొదటి నెలల్లో చుట్టాలు, విందులు, పనులు, అదంతా అయిపోయి ఇల్లు మామూలయ్యాక అప్పుడు మిగిలేది రాత్రులు. అసలు కొన్ని లక్షణాలు ముందునుంచీ ఉండే ఉంటాయి, నిద్ర తగ్గడం, గుంపుల్లోకి వెళ్ళకపోవడం, గోడకి వీపు పెట్టి గుమ్మం కనపడేలా కూర్చోవడం, ఇంట్లోవాళ్ళు "మిలిటరీ అలవాట్లు" అని నవ్వుకుని వదిలేసి ఉంటారు. పెన్షన్ ఆగడం, సంబంధం చెడటం లాంటి దెబ్బ పడేసరికి అప్పటిదాకా మోస్తున్నది మోయలేకపోతారు.

మరి ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు అంటే, 2004లో అమెరికా సైనికుల మీద వచ్చిన స్టడీలో మానసిక సమస్య ఉన్నట్టు తేలినవాళ్ళలో 65 శాతం మంది "నన్ను బలహీనుడు అనుకుంటారు" అన్నారు. సహాయం కోసం వెళ్ళినవాళ్ళు సగం కూడా లేరు. మీ నాన్నగారి మాట ఎందుకు ప్రమాదమో ఇప్పుడు తెలిసిందా? ఆయన చెడ్డవారని కాదు, కొడుకుని అలా చూడలేక అన్నారు, నాకు తెలుసు. కానీ అన్నయ్య ఆ మాట తనకి తాను రోజుకి వందసార్లు చెప్పుకుంటూ ఉంటాడు, నాన్న నోట్లోంచి కూడా వస్తే ఇక డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్తాడండి.

ఇక ఏం చేయాలంటే, ట్రీట్‌మెంట్ ఉంది, పనిచేస్తుంది, ఏళ్ళ తర్వాత మొదలుపెట్టినా పనిచేస్తుంది. ట్రామా మీద నేరుగా పనిచేసే థెరపీలు మొదట చూడాలి: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకుంటున్న జ్ఞాపకాల్ని మెల్లగా ఎదుర్కోవడం), కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (జరిగిన దాని గురించి మనసులో పాతుకుపోయిన ఆలోచనల్ని సరిచూసుకోవడం), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాల మీద పనిచేయడం), ఈ మూడిటికీ ఆధారం గట్టిగా ఉంది, మామూలుగా కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఈ థెరపీల్లో ట్రైనింగ్ ఉందా" అని అడగండి, అందరు కౌన్సిలర్లకీ ఉండదు. మొదటి కొన్ని సెషన్ల తర్వాత పీడకలలు కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు, ఇది ముందే తెలిసి ఉంటే మానరు. మందుల్లో సెర్ట్రలీన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి డాక్టర్ చూసి ఇస్తారు. నిద్ర కోసం ఆయన ఇప్పుడు మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నారని మీరు రాసిన మాత్ర బెంజోడయాజిపీన్ రకం (మెదడుని మందగింపజేసి నిద్ర తెప్పించేది), దాన్ని పీటీఎస్‌డీకి వాడొద్దనే అమెరికా మాజీ సైనికుల విభాగం గైడ్‌లైన్స్ చెప్తాయి, అలవాటు పడిపోతారు, అసలు జబ్బు అలాగే ఉంటుంది. అలాగని రేపే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, ఫిట్స్ కూడా రావొచ్చు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మద్యం తాగుతున్నారా అన్నది కూడా దాచకుండా చెప్పండి, ఆ మాత్రలు, తాగుడు కలిస్తే ఊపిరికే ముప్పు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, నోటితో చెప్తే సగం మర్చిపోతారు: పేలుడులో స్పృహ తప్పాడా, ఎంతసేపు, నిద్ర ఎప్పటినుంచి చెడింది, ఏ మాత్ర ఎంత వేసుకుంటున్నాడు, తాగుడు ఎంత, వేటికి దూరంగా ఉంటున్నాడు, పోయిన ఏడాదిలో ఇంకేం దెబ్బలు తగిలాయి. అక్కడ ఏం జరిగింది అన్నది మీరు రాయకండి, అది ఆయన చెప్పాల్సింది, చెప్పాలనుకున్నప్పుడు.

చివరిగా ఒకటి అడగాలి, భయపడకుండా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తుందా" అని నేరుగా, మెల్లగా, ఎవరూ లేనప్పుడు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు అందరూ, అలా జరగదు, ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. ఇంట్లో తుపాకీ ఉంటే అది, మాత్రల డబ్బా, రెండూ ఆయన చేతికి అందనంత దూరంగా వేరే ఇంట్లో పెట్టించండి, ఆయనతో మాట్లాడి ఆయన ఒప్పుకున్నాక చేస్తే ఇంకా మంచిది. అవును అని చెప్తే, లేదా ఎలా చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడని తెలిస్తే, ఆయన్ని ఒంటరిగా వదలకండి, అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది కదా అని ఆగకండి, ఆ రోజే దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.